వంటింట్లో ఓక్ హార్డ్‌వుడ్ ఉంది. దాని మీదే టైల్ వేయించొచ్చా, పీకించాలా?

గోదారిగట్టు | ఎడిసన్, న్యూజెర్సీ

అందరికీ నమస్కారం. మాది 1962లో కట్టిన ఇల్లు. వంటిల్లు, డైనింగ్, హాలు మొత్తం ఒకటే ఓక్ హార్డ్‌వుడ్, రెండుంబావు అంగుళాల బద్దలు. చలికాలంలో డిష్‌వాషర్ వెనక పైపు జాయింటు లూజై సన్నగా కారుతూ ఉందట, పైకి ఏమీ కనబడలేదు. ఇప్పుడు సింకు ముందు బద్దలకి అంచులు పైకి లేచి మధ్యలో గుంటలు పడ్డాయి. అక్కడక్కడా నల్ల మచ్చలు.

ఎలాగూ పని పడింది కదా, వంటింటి వరకు పోర్సిలిన్ టైల్ వేయించేద్దాం అనుకుంటున్నాం. గది సుమారు 10 × 13 అడుగులు. ఇద్దరు కాంట్రాక్టర్లు వచ్చి చూశారు. ఒకాయన "హార్డ్‌వుడ్ రాయిలా ఉంది, దాని మీద సిమెంటు బోర్డు బిగించి టైల్ వేసేస్తా, మూడు రోజుల పని" అన్నాడు. రెండో ఆయన "చెక్క పీకందే నేను చేయను" అని దాదాపు ఒకటిన్నర రెట్లు రేటు చెప్పాడు. ఎవరి మాట వినాలో తేలడం లేదు.

కింద బేస్‌మెంట్ ఫినిష్ చేయలేదు, దూలాలు పైకి కనిపిస్తాయి. ఏం కొలవాలో చెబితే కొలిచి పెడతాను. మా ఆవిడ మార్బుల్ అంటోంది, అది వేరే పంచాయితీ.


ఫ్రిస్కో_పోరడు | ఫ్రిస్కో, టెక్సాస్

పీకుడే అన్నా. మేము కూడా పీకినం. ఇంజినీర్డ్ వుడ్ స్లాబ్‌కు జిగురుతోని అంటించి ఉండె. చెక్క పోయింది గని ఆ జిగురు గీకేసరికి పానం పోయింది. తర్వాత స్లాబ్‌ల సన్న పగుళ్లుంటే పైన మెంబ్రేన్ (కింది కదలిక టైల్‌కు రాకుండ ఆపే పలుచటి షీటు) ఏసి టైల్ ఏసినం. ఇప్పుడు మంచిగున్నది.


తాపీపని | పిస్కాటవే, న్యూజెర్సీ

ఫ్రిస్కో తమ్ముడూ, మీది కాంక్రీటు స్లాబ్ మీద ఇల్లు. గోదారిగట్టు గారిది దూలాల మీద బల్లలు, బల్లల మీద ఓక్. ఈ రెండిటికీ పొత్తు లేదు. టెక్సాస్ వీడియోలు చూసి న్యూజెర్సీ ఇంట్లో పని మొదలెట్టేవాళ్లు మా షాపుకి వారానికొకరు వస్తారు.

గోదారిగట్టు గారూ, మీ మొదటి కాంట్రాక్టర్ చెప్పినట్టు ఓక్ గట్టిదే. గొడవంతా అది ఊరికే ఉండకపోవడంతోనే. చలికాలంలో హీటర్ వేస్తే ఇల్లు ఎండిపోయి బద్దలు ముడుచుకుంటాయి, జూలై ఆగస్టుల్లో గాలిలో తేమకి ఉబ్బుతాయి. ఈ కదలికంతా బద్ద వెడల్పు దిక్కునే, పొడవు దిక్కున లెక్కలోకి రాదు. రెడ్ ఓక్‌కి లెక్క ఉంది: మామూలుగా కోసిన (ఫ్లాట్‌సాన్) బద్దలో తేమ 1 శాతం మారితే వెడల్పు 0.00369 వంతు మారుతుంది. 4 శాతం తేడా వచ్చిందనుకోండి, మీ రెండుంబావు అంగుళాల బద్ద దాదాపు 1/32 అంగుళం మారుతుంది. ఒక్క బద్దే అంత. మీ వంటింటి అడ్డాన అలాంటివి యాభైకి పైగా ఉంటాయి. టైల్‌కి, టైల్స్ సందుల్లో నింపే గ్రౌట్‌కి సాగే గుణం లేదు. చెక్క జరుగుతుంటే అవి పగలాల్సిందే.

ఓక్ మీద ప్లైవుడ్ ఒక పొర వేసి, ఆ పైన టైల్ వేసేవాళ్లు ఉన్నారు. బాగా ఎండిన, ఎక్కడా కదలని చెక్క అయితే నిలబడ్డవీ ఉన్నాయి. కానీ మీది ఇప్పుడే తడిసి అంచులు లేచిన చెక్క. దాన్ని నమ్మి నేనైతే వేయను.

నాలుగు కొలతలు పెట్టండి: దూలం సైజు, రెండు దూలాల మధ్య దూరం, ఆసరా నుంచి ఆసరాకి దూలం పొడవు, దూలాల మీదున్నది బల్లలా ప్లైవుడ్డా.


నేలమాళిగ | పార్సిపెనీ, న్యూజెర్సీ

పైన చెప్పినదానికి మా ఇల్లే సాక్ష్యం. మేం కొన్నప్పుడు వంటింట్లో టైల్ కొత్తగా మెరుస్తోంది. పాత ఓనర్ అమ్మకానికి ముందు వేయించాడు. మొదటి చలికాలానికే గ్రౌట్‌లో గీతలు వచ్చాయి, అన్నీ ఒకే దిక్కున, తలుపు దగ్గర నుంచి కిటికీ దాకా వరసగా. గ్రౌట్ తీసి మళ్లీ నింపించాం. మరుసటి జనవరికి మళ్లీ అక్కడే. తీరా విప్పి చూస్తే కింద హార్డ్‌వుడ్, గీతలన్నీ బద్దల సందులకి సరిగ్గా పైన.

ఇంకో సంగతి. సిమెంటు బోర్డు కింద థిన్‌సెట్ (టైల్ అతికించే సిమెంటు జిగురు) అసలు వేయలేదు, ఉత్త స్క్రూలే. అవీ గోడ పలకలకి వాడే డ్రైవాల్ స్క్రూలు, సగానికి పైగా తలలు తెగిపోయి ఉన్నాయి. బోర్డు మీద కాలేస్తే కిందకీ పైకీ ఆడేది. టైల్ బోర్డుకి బాగానే అతుక్కుంది, బోర్డు మాత్రం దేనికీ అతుక్కోలేదు.


ఓక్‌వనం | వూస్టర్, మసాచుసెట్స్

అందరూ పీకండి, పీకండి అంటున్నారు. నా మాట ఒకటి వినండి. అరవై ఏళ్ల ఓక్ అది, ఇప్పుడు ఆ రకం కొనాలంటే ధర చూసి కళ్లు తిరుగుతాయి. అంచులు లేవడాన్ని కప్పింగ్ అంటారు. బద్ద అడుగు తడిగా ఉండి పైభాగం పొడిగా ఉంటే అలా అవుతుంది. కారడం ఆగాక కింద బేస్‌మెంట్‌లో డీహ్యుమిడిఫైయర్ పెట్టి ఆరనివ్వండి. చాలాసార్లు దానంతట అదే చాలావరకు కిందకి దిగుతుంది. తొందరపడి ఇప్పుడే శాండింగ్ చేయించారో, లేచిన అంచులు చెరిగిపోతాయి, తర్వాత చెక్క ఆరినప్పుడు మధ్య భాగం ఉబ్బెత్తుగా మిగులుతుంది. అందుకే తేమ మీటరుతో కొలవండి, తడవని హాల్లో చెక్క ఎంత చూపిస్తుందో వంటింట్లోదీ అంతకి వచ్చేదాకా ఆగండి.

నల్ల మచ్చలంటే ఓక్‌లో ఉండే టానిన్, నీళ్లు, మేకుల ఇనుము కలిసి వచ్చినవి. ఆక్సాలిక్ యాసిడ్ పొడితో చాలావరకు పోతాయి. గ్లవ్స్ వేసుకోండి. రెండు మూడు బద్దలు మరీ పాడైతే అవి మార్చి, శాండింగ్ చేసి పాలియురెథేన్ కొట్టిస్తే వంటిల్లూ హాలూ మళ్లీ ఒకటే నేల. చెక్క నేల మీద ఇడ్లీ కుక్కర్ జారి పడితే చిన్న సొట్ట, అంతే. టైల్ మీద పడితే టైలూ పోతుంది, ఒక్కోసారి కుక్కరూ పోతుంది.


పులిహోర_పిన్ని | నేపర్విల్, ఇల్లినాయి

ఓక్‌వనం గారి చెక్క మీద ప్రేమ ఈ ఫోరమ్‌లో అందరికీ తెలిసిందే కానీ, ఆయన ఇంట్లో వంట ఎవరు చేస్తారో కనుక్కోవాలి. రోజూ బియ్యం కడిగి, ఆకుకూర కడిగి, గ్రైండర్ కడిగే ఇంట్లో సింకు ముందు నీళ్లు పడకుండా ఎలా ఉంటాయి? పడ్డ వెంటనే తుడవాలంటారు. తుడుస్తాం, పోపు మాడకుండా ఉంటే. నా ఓటు టైల్‌కే.

బాబూ గోదారిగట్టూ, మీ ఆవిడకి నా మాటగా చెప్పు: వంటింటి నేలకి మార్బుల్ వద్దు. అది సున్నపు రాయి జాతే. నిమ్మరసం చుక్క పడినా, చింతపండు పులుసు ఒలికినా పాలిష్ తినేసి మసక మచ్చ మిగులుతుంది, తుడిస్తే పోయేది కాదు. పసుపు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇప్పుడు మార్బుల్‌లా కనిపించే పోర్సిలిన్ వస్తోంది, పక్కపక్కన పెడితే తప్ప తేడా తెలీదు. నిగనిగలాడేది మాత్రం తీసుకోకండి, నూనె చుక్క పడితే నడుం విరుగుతుంది. మ్యాట్ తీసుకోండి.


తాపీపని

పిన్ని గారు చెప్పింది నిజం. జారుడు విషయంలో డబ్బా మీద డీసీఓఎఫ్ అని, కాలికి పట్టు ఎంతో చెప్పే ఒక అంకె ఉంటుంది. తడిసే అవకాశం ఉన్న ఇంటి లోపలి సమతల నేలకి కనీసం 0.42 ఉండాలి. అంతకన్నా తక్కువుంటే గోడకి వాడుకోవచ్చు.

ఓక్‌వనం గారు చెప్పిన దారి కూడా నిజమైన దారే. ఖర్చు అన్నిటికన్నా తక్కువ. గోదారిగట్టు గారు టైలే కావాలని తేల్చుకున్నారా లేదా అన్నదే ముందు తేలాలి.


గోదారిగట్టు

అందరికీ ధన్యవాదాలు. పిన్ని గారూ, మార్బుల్ పంచాయితీ మీ పుణ్యమా అని తీరిపోయింది. మీ పోస్టు యథాతథంగా చూపించాను.

టైలే ఖాయం. ఓక్‌వనం గారూ, క్షమించండి. హాలూ డైనింగూ చెక్కగానే ఉంటాయి.

కొలతలు ఇవిగో: దూలాలు 2×8, మధ్య దూరం 16 అంగుళాలు, గోడ నుంచి మధ్య బీము దాకా 11 అడుగులు. దూలాల మీద ఐమూలగా కొట్టిన బల్లలు, సుమారు ముప్పావు అంగుళం మందం. ఆ పైన ముప్పావు అంగుళం ఓక్. డిష్‌వాషర్ పక్క నుంచి టార్చి వేసి చూస్తే క్యాబినెట్లు హార్డ్‌వుడ్ మీదే కూర్చున్నాయి, అంటే వంటిల్లు ఎప్పుడో ఒకసారి మార్చినట్టున్నారు.


ఇంజినీర్_బాబాయ్ | హైదరాబాద్

నేను ఉద్యోగమంతా కాంక్రీటుతోనే చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి ఇల్లు చూడ్డానికి అమెరికా వచ్చినప్పుడు మొదటిసారి మేడ మీద నడుస్తుంటే కింద గ్లాసులు గలగలమన్నాయి, భయపడ్డాను. ఇక్కడ మన అపార్ట్‌మెంట్లలో పాత టైల్ మీదే కొత్త టైల్ అడ్హెసివ్‌తో అతికించేస్తారు, నిక్షేపంగా ఉంటుంది, ఎందుకంటే కింద ఐదంగుళాల స్లాబ్ ఉంది. ఆ ధైర్యం చెక్క ఇంట్లో పనికిరాదు.

లెక్క తేలికే. సిరామిక్, పోర్సిలిన్ టైల్‌కి దూలం వంగుడు దాని పొడవులో 360వ వంతు మించకూడదు. మార్బుల్, గ్రానైట్ లాంటి సహజ రాయికి అందులో సగం, 720వ వంతు. మీ 11 అడుగులు అంటే 132 అంగుళాలు. మొదటి లెక్కన 0.37 అంగుళం దాకా ఓకే, రెండో లెక్కన 0.18 మాత్రమే. 16 అంగుళాల దూరంలో 2×8 దూలాలు, కలప మంచిదైతే 11 అడుగులకి మొదటి పరీక్ష నెగ్గుతాయి. రెండోది నెగ్గవు. పులిహోర పిన్ని గారు చింతపండు పేరుతో ఆపిన మార్బుల్‌ని దూలాలు కూడా ఆపేవే.

ఇక్కడి పద్ధతిలో ఇసుక సిమెంటు పరుపు వేసి టైల్ వేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అంగుళం మందం పరుపు చదరపు అడుగుకి దాదాపు 12 పౌండ్ల బరువు. అంగుళంపావు వేస్తే 15. చెక్క ఇళ్లలో నేల సొంత బరువుకి సాధారణంగా పట్టుకునే లెక్క మొత్తం కలిపి 10 పౌండ్లు.


తాపీపని

బాబాయ్ గారూ, నమస్కారం. మా పాత ఇటాలియన్ మేస్త్రీలు ఇక్కడా ఆ పరుపే వేసేవారు, కింద వైరు జాలీ కొట్టి. పాత బాత్రూములు పగలగొడితే అదే వస్తుంది. బరువు సంగతి మీరన్నట్టే.

గోదారిగట్టు గారూ, దూలాల లెక్క నెగ్గింది కానీ అంచు మీదే నెగ్గింది. కింద నుంచి ఎలాగూ కనిపిస్తున్నాయి కాబట్టి ఒక్కో దూలం చూడండి. ప్లంబర్ గానీ ఎలక్ట్రీషియన్ గానీ అడుగు అంచున గాడి కోసి పైపు పోనిచ్చి ఉంటే ఆ దూలానికి పక్కన ఇంకో 2×8 జోడించాలి. దూలాల మధ్య అడ్డ ముక్కలు లేకపోతే అవి కొట్టించుకోండి.

ఇక ఎత్తు. మీ ఇద్దరు కాంట్రాక్టర్లలో ఎవరూ ఎత్తు మాట ఎత్తలేదంటే నాకు ఆశ్చర్యంగా ఉంది. అసలు ఈ పనిలో ముప్పావు వంతు గొడవ అదే.

హార్డ్‌వుడ్ ఉంచి దాని మీద వేస్తే (అన్నీ అంగుళాల్లో): ప్లైవుడ్ 3/8, మెంబ్రేన్ 1/8, టైల్ 3/8, రెండు పొరల థిన్‌సెట్ కలిపి ఇంకో 1/4 వేసుకోండి. మొత్తం అంగుళం దాటి 1/8. అంటే హాల్లోంచి వంటింట్లోకి అడుగు పెట్టిన ప్రతివాడూ కాలు తట్టుకుంటాడు. అంతకన్నా పెద్ద చిక్కు డిష్‌వాషర్. కౌంటర్ కింద దాని ఖాళీ ఎత్తు మామూలుగా 34 1/2 అంగుళాలు. టైల్ డిష్‌వాషర్ కిందకి పోతే మిగిలేది 33 3/8. చాలా డిష్‌వాషర్లకి కాళ్లు పూర్తిగా లోపలికి తిప్పినా 34కి దగ్గరగా కావాలి. లోపలికి వేయకుండా ముందు వరకే టైల్ వేసి ఆపుతారు కొందరు. అప్పుడు పాత మెషిన్ గోడ కట్టిన గూట్లో చిక్కుకుపోతుంది. అది చెడినప్పుడు బయటికి లాగాలంటే కౌంటర్ టాప్ ఎత్తాలి, లేదా టైల్ పగలగొట్టాలి.

హార్డ్‌వుడ్ పీకితే: ముప్పావు అంగుళం తిరిగొస్తుంది. బల్లల మీద అదే 3/8 ప్లైవుడ్, అవే పొరలు వేసినా హాలు చెక్క కన్నా 3/8 అంగుళమే ఎత్తు. ఆ తేడాకి వాలుగా ఉండే రెడ్యూసర్ పట్టీ దొరుకుతుంది. టైల్ 5/16 మందానిది దొరికితే ఇంకాస్త తగ్గుతుంది.


నేలమాళిగ

డిష్‌వాషర్ సంగతి అచ్చంగా మాకూ జరిగింది. పాత ఓనర్ దయ. చివరికి ఏడీఏ కొలత (వికలాంగులకి అందేలా తక్కువ ఎత్తు కౌంటర్ కింద పట్టే) పొట్టి మోడల్ కొన్నాం, లోపల పెద్ద కుక్కర్ గిన్నె పట్టదు.


ఫ్రిస్కో_పోరడు

డిట్రా ఎక్స్‌ఎల్ అని ఒక మెంబ్రేన్ ఉంటది కదా, 5/16 మందం. దాని మీద 5/16 టైల్ ఏస్తే ముప్పావు అంగుళం హార్డ్‌వుడ్‌కు సమంగా వస్తదని చూసిన. గప్పుడు రెడ్యూసర్ గూడ అక్కర్లే కదా అన్నా?


తాపీపని

భలే గుర్తు చేశావు తమ్ముడూ. అది అందుకే చేశారు. కానీ దాని కింద ప్లైవుడ్ సబ్‌ఫ్లోర్ (దూలాల మీది మొదటి పొర) ఉండాలి. గోదారిగట్టు గారికి ఉన్నవి ఐమూల బల్లలు. ఒక్కో బల్ల దానిష్టం వచ్చినట్టు కదులుతుంది, సందులు కూడా ఉంటాయి. కాబట్టి ప్లైవుడ్ పొర తప్పదు, అది వేశాక మామూలు డిట్రా, 1/8 ది, చాలు. 1980ల తర్వాత ఇల్లు అయితే నువ్వు చెప్పిందే మొదట ఆలోచించేవాణ్ణి.


ఓక్‌వనం

సరే, పీకడమే అనుకున్నారు కాబట్టి మంచిగా పీకండి. ఆ బద్దలు డంప్‌స్టర్‌లో పారేయకండి. మీ హాల్లో రేపు ఏదైనా బద్ద పాడైతే సరిగ్గా అదే వయసు, అదే రంగు చెక్క ఎక్కడా దొరకదు. వంటింట్లో బాగున్నవి మేకులు లాగి కట్ట కట్టి దాచండి.

పీకే వరస: తడిసి పాడైన చోటే మొదలెట్టండి, ఎలాగూ పోయే బద్దలు కదా. సర్క్యులర్ రంపం లోతు సరిగ్గా ముప్పావు అంగుళానికి పెట్టి ఒక బద్దని నిలువునా రెండు గీతలు కోసి మధ్య ముక్క లేపితే ప్రై బార్ దూరే చోటు వస్తుంది. అక్కణ్ణించి నాలుక (పక్క బద్ద గాడిలో దూరే సన్న అంచు) ఉన్న వైపు నుంచి ఒక్కొక్కటే లేపుకుంటూ పోవచ్చు. మేకులు నాలుక లోంచి ఏటవాలుగా కొట్టి ఉంటాయి. హాలు గుమ్మం దగ్గర మాత్రం తలుపు మూస్తే తలుపు మందం కిందకి వచ్చే చోట గీత గీసి కోయండి. తలుపు మూసినప్పుడు రెండు నేలలూ ఒకే గదిలో కనబడకూడదు.


గోదారిగట్టు

క్యాబినెట్ల కింద ఉన్న హార్డ్‌వుడ్ ఏం చేయాలి? క్యాబినెట్లన్నీ ఎత్తాలా?


తాపీపని

అక్కర్లేదు. క్యాబినెట్ కింద చెక్క అలాగే ఉంచి, కాలు పెట్టే ఖాళీ అంచున కోయాలి. దానికి టో-కిక్ రంపం అని ఒకటి ఉంది, రోజు అద్దెకి దొరుకుతుంది. బ్లేడు పక్కకి పొడుచుకొచ్చి గోడ దగ్గరిదాకా కోస్తుంది. మూలల్లో అది చేరదు, అక్కడ ఆసిలేటింగ్ టూల్ (బ్లేడు అటూ ఇటూ కంపించే చేతి రంపం). ఉలి పెట్టి కొట్టడం మొదలెడితే క్యాబినెట్ అడుగు పగులుతుంది. కోసే ముందు డిష్‌వాషర్, స్టవ్ బయటికి లాగేయండి, వాటి కింద హార్డ్‌వుడ్ పూర్తిగా తీయండి, టైల్ అక్కడిదాకా పోవాలి. స్టవ్ వెనక ముందుకి ఒరగకుండా పట్టే బ్రాకెట్ ఉంటుంది, టైల్ అయ్యాక కొత్త ఎత్తులో మళ్లీ బిగించడం మర్చిపోతారు చాలామంది.


మోడరేటర్

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. 1962 ఇల్లు అన్నారు కాబట్టి ఇది చెప్పక తప్పదు. హార్డ్‌వుడ్ తీశాక కింద వినైల్ పలకలు కనబడితే, ముఖ్యంగా 9 అంగుళాల చదరాలు, లేదా నల్లటి జిగురు కనబడితే పని ఆపేయండి. గీకొద్దు, శాండింగ్ అసలే వద్దు, ఊడ్చొద్దు కూడా. ఆ కాలం వాటిల్లో, దుమ్ము పీలిస్తే ప్రమాదమైన ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. ల్యాబ్‌లో పరీక్ష చేయించాకే ముందుకి. అలాగే బేస్‌బోర్డు పాత రంగు 1978కి ముందుదైతే సీసం ఉందనుకునే పని చేయాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇంకా జాగ్రత్త. కాంట్రాక్టర్‌ని ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) లెడ్ సర్టిఫికెట్ ఉందా అని అడగండి, మొహమాటపడకండి.


గోదారిగట్టు

అప్‌డేట్. రెండో కాంట్రాక్టర్‌కే పని ఇచ్చాం. పీకడం అయిపోయింది, ఫోటోలు పెట్టాను. చెక్క కింద ఉత్త ఎర్ర కాగితమే, వినైల్ ఏమీ లేదు, హమ్మయ్య. సింకు ముందు రెండు బల్లలు నల్లబడి మెత్తగా ఉన్నాయి, స్క్రూడ్రైవర్ దిగిపోతోంది. మిగతావి గట్టిగా ఉన్నాయి గానీ నడిస్తే కిర్రుమంటున్నాయి.

ఆయన ఇప్పుడు సిమెంటు బోర్డు అంటున్నాడు, "ప్లైవుడ్ బదులు అదే, రెండూ ఒకటే" అని. నిజమేనా?


తాపీపని

రెండూ ఒకటి కావు. పావు అంగుళం సిమెంటు బోర్డు నేలకి బలం ఇవ్వదు. టైల్ అతుక్కోవడానికి మంచి ముఖం ఇస్తుంది, అంతే. మీ బల్లలకి కావాల్సింది బలం కూడా. ప్లైవుడ్ వేశాక పైన సిమెంటు బోర్డు వేస్తాడా, మెంబ్రేన్ వేస్తాడా అన్నది ఆయనిష్టం. రెండూ పనిచేస్తాయి. బోర్డు అయితే కింద థిన్‌సెట్ పరిచి, దానికోసం చేసిన స్క్రూలతో 8 అంగుళాలకొకటి, జాయింట్ల మీద క్షారం తట్టుకునే మెష్ టేపు. నేలమాళిగ గారి ఇంట్లో లేనివన్నీ ఇవే.

ముందు ఆ మెత్తబడ్డ రెండు బల్లలూ దూలం మధ్య దాకా కోసి తీసి అదే మందం ప్లైవుడ్ వేయించండి. కింద దూలం తలకి కూడా స్క్రూడ్రైవర్ పొడిచి చూడండి. కిర్రుమనే ప్రతి బల్లకీ ప్రతి దూలం దగ్గరా రెండు స్క్రూలు దిగాలి. ఈ పని ఇప్పుడు కాకపోతే ఇంక ఎప్పటికీ కుదరదు.

తర్వాత ప్లైవుడ్ పొర. ఫోటోలో ఆయన వ్యాన్‌లో లువాన్ (పలుచని మెత్త ప్లైవుడ్) షీట్లు కనిపిస్తున్నాయి, అవి ఇందుకైతే వద్దనండి. ఎక్స్‌పోజర్ 1 (తేమ తట్టుకునే జిగురుది) అని ముద్ర ఉన్న ప్లైవుడ్ కావాలి. షీట్ల మధ్య 1/8 అంగుళం, గోడల దగ్గర 1/4 అంగుళం ఖాళీ వదలాలి. అంచున 6 అంగుళాలకి, మధ్యలో 8 అంగుళాలకి స్క్రూ. ఈ పొర స్క్రూలు బల్లల్లోకే దిగాలి, దూలాల్లోకి కాదు. దూలానికి బిగిస్తే దూలం వంగినప్పుడల్లా పై పొరని గుంజుతుంది. ఇది చెబితే చాలామంది మేస్త్రీలు నవ్వుతారు, నవ్వనివ్వండి.


ఇంజినీర్_బాబాయ్

ఆ చివరి మాట చదివి నేను మొదట తప్పు రాశారేమో అనుకున్నాను. ఆలోచిస్తే తర్కం కుదిరింది. దూలం వంగినప్పుడు దాని తల దగ్గర పొట్టిదవుతుంది, ఆ జరుగుడు టైల్ దాకా రాకుండా మధ్యలో కొంచెం పట్టు వదిలారు. మన స్లాబ్ మనుషులకి తట్టని విషయం.


పులిహోర_పిన్ని

టైల్ వేయకముందే ఒక మాట. నేల వేడి చేసే ఎలక్ట్రిక్ మ్యాట్ వేయించుకోవాలంటే ఇదే సమయం. మాకు చికాగో చలికి జనవరిలో పొద్దున్నే టీ పెట్టడానికి వెళ్తే పాదాలు జివ్వుమంటాయి. మేం వేయించుకోలేదు, ఇప్పుడు రెండు పొరల మేజోళ్లు.

గ్రౌట్ సంగతి: తెల్లది తీసుకోవద్దు. ఎంత సీలర్ కొట్టినా మన పసుపు ముందు నిలవదు. ముదురు బూడిద రంగు, సందు 1/8. సిమెంటు బదులు రెసిన్‌తో చేసే ఎపాక్సీ గ్రౌట్ అయితే నూనె తాగదు. దాని మీద కూడా పసుపు రాత్రంతా ఉంటే కొంచెం పట్టుకుంటుంది గానీ వెంటనే తుడిస్తే పోతుంది.


తాపీపని

మ్యాట్ గురించి లెక్క చెబుతాను. చదరపు అడుగుకి దాదాపు 12 వాట్లు. క్యాబినెట్లు, ఫ్రిజ్ కింద వేయకూడదు, కాబట్టి మీకు 80 చదరపు అడుగులు పడుతుంది అనుకుందాం. 960 వాట్లు, 120 వోల్టుల మీద 8 ఆంపియర్లు. జీఎఫ్‌సీఐ (కరెంటు లీకైతే వెంటనే ఆపే) రక్షణ ఉన్న థర్మోస్టాట్, దానికో సర్క్యూట్. ఎలక్ట్రికల్ పని కాబట్టి పర్మిట్ గురించి టౌన్‌షిప్‌ని అడగండి.

ఎపాక్సీ చేయి తిరిగినవాడు చేస్తేనే. తుడవడం ఆలస్యమైతే టైల్ మీద పొరలా గట్టిపడి, మీరు జీవితాంతం ఆ మసక చూస్తూ ఉంటారు.


గోదారిగట్టు

మ్యాట్ వద్దనుకున్నాం, బడ్జెట్ అయిపోయింది. టైల్ 12 × 24 తీసుకున్నాం. మా ఆవిడకి ఇటుక వరసలా సగానికి సగం జరిపి వేయాలని ఉంది. ఆయన మూడో వంతే జరుపుతా అంటున్నాడు. దీనికీ ఏదైనా కారణముందా, లేక ఆయన సుఖమేనా?


తాపీపని

కారణముంది. పొడవాటి పోర్సిలిన్ బట్టీలో కాలేటప్పుడు మధ్యలో కొంచెం ఉబ్బుతుంది. రెండు టైల్స్ తెచ్చి ముఖాముఖి పెట్టి అంచులు చూడండి, మీకే తెలుస్తుంది. సగానికి జరిపితే ఒకదాని ఉబ్బు పక్కదాని అంచు పక్కనే పడుతుంది, కాలి బొటనవేలికి తగిలే మెట్టు వస్తుంది. మూడో వంతుకి జరిపితే ఆ తేడా తగ్గుతుంది. మీ కాంట్రాక్టర్‌కి పని తెలుసు.

ఒక అంచు 15 అంగుళాలు దాటిన టైల్‌కి నేల కూడా బాగా సమంగా ఉండాలి. 10 అడుగుల తిన్నని కొలత బద్ద నేల మీద పెడితే దాని కింద ఎక్కడా 1/8 అంగుళం మించి వెలుతురు కనబడకూడదు. బద్ద మీరే పెట్టి చూడండి, ఆయన భోజనానికి వెళ్లినప్పుడు. మొదటి నాలుగైదు టైల్స్ వేశాక ఒకటి లేపి చూపించమని కూడా అడగండి. వెనక కనీసం 80 శాతం థిన్‌సెట్ అంటి ఉండాలి. మధ్యలో ఉండలు ఉండలుగా పెట్టి నొక్కితే మూలల కింద డొల్ల ఉంటుంది, గిన్నె పడ్డ రోజు ఆ మూలే పోతుంది.


గోదారిగట్టు

లేపి చూపించమన్నాను. కొంచెం ముఖం ముడుచుకున్నాడు గానీ చూపించాడు. పళ్ల తాపీ గీతలు అన్నీ అణిగి వెనకంతా నిండుగా అంటి ఉంది, ఒక్క మూల తప్ప. ఆ మూల మళ్లీ రాశాడు.

రెండు చిన్న ప్రశ్నలు. హాలు చెక్కకి, టైల్‌కి మధ్య గ్రౌట్ నింపాలా? ఇంకా, ఎన్ని డబ్బాలు అదనంగా ఉంచుకోవాలి?


తాపీపని

గ్రౌట్ కాదు. అక్కడ చెక్క కదులుతూనే ఉంటుంది. పావు అంగుళం ఖాళీ వదిలి పైన రెడ్యూసర్ పట్టీ వేయమనండి, పట్టీని ఒక్క వైపే బిగించాలి. గోడల వెంట, క్యాబినెట్ అంచుల వెంట కూడా గ్రౌట్ రంగు సిలికాన్ కాక్ నింపాలి. బేస్‌మెంట్ తలుపు కొత్త నేలకి తగిలితే దాని అడుగు కోయడం ఇవన్నీ అయ్యాక, ముందు కోస్తే ఎక్కువ పోతుంది.

వాడకం మీద 10 నుంచి 15 శాతం ఎక్కువ కొనండి, అన్నీ ఒకే లాట్ నంబరువి. మిగిలినవాటిలో ఒక డబ్బా షాపుకి తిరిగి ఇవ్వకుండా అట్టే పెట్టుకోండి. రెండేళ్ల తర్వాత అదే పేరుతో కొన్నా రంగు కలవదు.


ఓక్‌వనం

ఆ బద్దల కట్టలు ఎన్ని వచ్చాయి? హాలుకి సరిపడా ఉంచుకుని మిగిలినవి అమ్మేట్టయితే ముందు నన్ను అడగండి. వూస్టర్ నుంచి వ్యాన్ వేసుకుని వస్తాను.


పులిహోర_పిన్ని

వచ్చేటప్పుడు ఆయన్ని వంటింట్లోకి రానివ్వకండి, టైల్ చూసి ఏడుస్తారు.